జిలేబి చుట్లు చెరిగిపోయిన ఏడాది

ఆ రోజుల్లో మా తార్నాక వీధిలో ఎండాకాలం వస్తే మనుషులకే ట్యాంకరు నీళ్ళు దిక్కు. అలాంటి చోట నేను అక్కా వాళ్ళింటి హాల్లో నాలుగడుగుల సముద్రాన్ని పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, అప్పుడు మాత్రం ఏడుపు తప్ప ఇంకేమీ వచ్చేది కాదు. ఆ వయసులో తోటివాళ్ళు బైకుల కోసం పాడయ్యారు, ఇద్దరు ముగ్గురు ప్రేమలో పడి పాడయ్యారు, ఒకడైతే ఏకంగా గ్రూప్స్ కోచింగులో చేరి పాడయ్యాడు. నేను ఒక చేప కోసం పాడయ్యాను. పాడవడంలో కూడా నలుగురు నడిచే దారిలో నడవలేదని మా బావ ఇప్పటికీ అంటాడు.

నా సంగతి చెప్పుకోవాలంటే పెద్దగా ఏమీ లేదు. పదో తరగతి గుమ్మం దాకా వెళ్ళి, లోపల త్రికోణమితి కూర్చుని ఉండడం చూసి, చెప్పులు వేసుకుని వెనక్కి వచ్చేసినవాణ్ణి. ఊళ్ళో ఉంటే పొలం పనికీ పనికిరానని అక్క తన దగ్గరికి తెచ్చుకుంది. బావకు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. నాకు యూనివర్సిటీ రోడ్డు మీద ఒక మొబైల్ షాపులో స్క్రీన్ గార్డులు అంటించే పని. (అద్దం కింద బుడగ రాకుండా అంటించడంలో ఆ రోడ్డు మొత్తం మీద నన్ను మించినవాడు లేడు. పగలంతా బుడగలు పోగొట్టి, ఇంటికొచ్చి చేపలకు బుడగలు పుట్టించేవాణ్ణి. విధి అంటే అదే.) అక్కకు మాత్రం నేను చదవలేదన్న బాధ పోలేదు. సాయంత్రం నడక అని చెప్పి నన్ను క్యాంపస్ లోపలికి తీసుకెళ్ళేది. చెట్ల కింద నడిపిస్తూ, ప్రతి డిపార్ట్‌మెంట్ ముందూ ఆపి బోర్డు చదవమనేది. గుడి చుట్టూ ప్రదక్షిణలు చేయించినట్టు చేయించింది. పుణ్యం ఆ బోర్డులకు దక్కిందేమో, నాకైతే కాళ్ళనొప్పులు దక్కాయి.

పంటి నొప్పితో వెళ్ళిన ఒక డాక్టరు గారి క్లినిక్‌లో మొదటిసారి ఉప్పునీళ్ళ అక్వేరియం చూశాను. నీలం వెలుగులో రంగురంగుల చేపలు. నా నంబరు పిలిచినా వినపడలేదు. పన్ను పీకించుకోకుండానే తిరిగొచ్చి, ఆ రాత్రే అక్కతో నాకు జీవితంలో ఏం కావాలో తెలిసిందని చెప్పాను. అక్క సంతోషపడి చదువేమో అనుకుంది. చేపలని చెప్పాక లేచి వెళ్ళి అంట్లు గట్టిగా తోమింది.

ఉప్పునీళ్ళ చేపలంటే కుళాయి నీళ్ళలో గుప్పెడు ఉప్పు కలిపితే అయిపోయేది కాదు. ప్లాంటు నుంచి వడకట్టిన నీళ్ళు తేవాలి, అందులో సంచుల్లో వచ్చే సముద్రపు ఉప్పు కలపాలి, ఒక రోజంతా మోటారుతో తిప్పాలి, చిన్న దుర్భిణిలాంటి గొట్టంలో ఒక చుక్క పెట్టి ఉప్పు సరిగా ఉందో లేదో కంటితో చూసుకోవాలి. ఇంట్లో పప్పులో ఉప్పెక్కువైతే పట్టని నేను, ట్యాంకులో ఒక గీత ఎక్కువైతే అన్నం మానేసేవాణ్ణి. అంత చేసినా మొదట తెచ్చిన చిన్న చేపలు ఒకదాని వెనక ఒకటి వెల్లకిలా తేలాయి. తేలిన ప్రతిసారీ బావ టోపీ లేకపోయినా తీసినట్టు చెయ్యి తలదాకా తీసుకెళ్ళి దించేవాడు.

అప్పుడు ముషీరాబాద్‌లోని చేపల దుకాణంలో దొరికింది జిలేబి. అరచేయంత ఏంజెల్ చేప. ఒళ్ళంతా ముదురు నీలం, దాని మీద తెల్లగా, లేత నీలంగా ఒకదానిలో ఒకటి గుండ్రటి చుట్లు, అచ్చం పొయ్యి మీద నూనెలో తిప్పినట్టు. దుకాణం భాయ్ దాని పేరు జిలేబి ఏంజెల్ అని చెప్పాడు. అసలు పేరు అతనికీ తెలీదని నాకు తెలీదు. పేరు పెట్టి ఫోన్లో వెతికితే వచ్చినవన్నీ మైదాపిండి, పెరుగు, పాకం. కొన్న దగ్గర నుంచి అది నన్ను గుర్తుపట్టింది. నేను హాల్లోకి వస్తే అద్దం దగ్గరికి వచ్చేది. వేలు ఎటు తిప్పితే అటు తిరిగేది. నా జీవితంలో నేను చెప్పిన మాట విన్న మొదటి ప్రాణి అది.

ఆ ముచ్చట చూసి అక్క ఒక పందెం పెట్టింది. బావ సాక్షి. అన్నం తింటుండగా, కంచంలోంచి తల ఎత్తకుండానే తేల్చేసింది.

"ఇది బతికితే నీ ఇష్టమొచ్చినట్టు బతుకు, నేను మళ్ల చదువు మాట ఎత్త. ఇది గూడ సచ్చిందంటే మాత్రం ఓపెన్ స్కూల్ల పదో తరగతి రాయాలె. ఒట్టు."

ఒట్టు వేశాను. జిలేబి బంగారంలా తింటోంది, ఈదుతోంది, నాకేం భయం. బావ మర్నాడే ఎక్కడినుంచో ఒక పాత పదో తరగతి లెక్కల గైడు తెచ్చి ట్యాంకు మూత మీద పెట్టాడు. అక్కడి నుంచి దాన్ని తియ్యకూడదని షరతు. ఇక రోజూ మేత వేయడానికి మూత తీయాలంటే ముందు త్రికోణమితిని పక్కకు జరపాలి. చిన్నప్పుడు నేను పారిపోయి వచ్చినది వెతుక్కుంటూ ఇంటికే వచ్చిందన్నమాట.

కొన్ని నెలలు హాయిగా గడిచాయి. తర్వాత ఒక పొద్దున చూస్తే జిలేబి తోక దగ్గర చుట్టు ఒకటి తెగి ఉంది. కల్లు తాగినవాడు గీసిన ముగ్గులా వంకరగా ఉంది. వెలుగు వల్లేమో అనుకున్నాను. తర్వాతి వారం ఇంకో చుట్టు తెగింది. పక్కనే ఏదో పసుపు మచ్చ, కామెర్లలాగా. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. పొద్దున లేచి మొహం కడుక్కోకముందే దాన్ని ఫోటో తీసేవాణ్ణి. ఫోన్లో చేప రంగు పోతోంది అని వెతికితే ప్రపంచంలో ఉన్న రోగాలన్నీ వచ్చాయి. ఒక వీడియోలో తోక కుళ్ళు అన్నారు, ఇంకో దాంట్లో తల మీద చిల్లులు పడే రోగమన్నారు, మూడో ఆయన ఎక్కడో విదేశంలో కూర్చుని చాలా శాంతంగా ఇలాంటి సమయంలో చేపకు ఎలా వీడ్కోలు చెప్పాలో వివరించాడు. నేను ఆ మూడో వీడియో చివరిదాకా చూశాను.

బావ పరామర్శ వేరే రకం. పొద్దున డ్యూటీకి వెళ్తూ బూట్లు కట్టుకుంటూ ట్యాంకు వైపు చూసి, "ఏం బామ్మర్దీ, దానికి చుట్లు పోతున్నయ్, నీకు సైన్ తీటాలు వస్తున్నయా?" అనేవాడు. నవ్వించడమే పనిగా బతికినవాణ్ణి, ఇంట్లో ఒకడు నన్ను మించి జోకులు వేస్తుంటే ఊరుకున్నానంటే నా దిగులు ఎంతదో మీరే అర్థం చేసుకోండి.

అలా రెండు మూడు నెలలు గడిచేసరికి విషయం పై పోర్షన్‌కు పాకింది. పైన మా ఓనరాంటీ ఉంటారు. కాకినాడ వాళ్ళు, అంకుల్ బ్యాంకు ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. సముద్రం పక్కనే పుట్టాను కాబట్టి సముద్రపు జీవుల సంగతి తనకు తెలుసని ఆవిడ నమ్మకం. (ఆవిడకు తెలిసిన జీవులన్నీ పులుసు దాకా వెళ్ళినవే. అది వేరే సంగతి.) కిందకి దిగి, కళ్ళజోడు పైకీ కిందికీ సర్దుకుని జిలేబిని చాలాసేపు చూశారు.

"దీనికేం రోగం లేదయ్యా. దిష్టి. వచ్చినోళ్ళందరికీ అద్దంలో పెట్టి చూపిస్తివి కదా, ఎవరి కళ్ళు ఎలాంటివో."

నిజానికి వచ్చినవాళ్ళందరికీ చూపించింది ఆవిడే. ఆవిడ బంధువులు ఎవరొచ్చినా ముందు మా హాల్లోకే తీసుకొచ్చేవారు. అయినా ఆ స్థితిలో ఎవరు ఏ తాడు విసిరినా పట్టుకునేవాణ్ణి కాబట్టి సరేనన్నాను. మర్నాడు ఆదివారం, ఆంటీ గుప్పిట్లో కల్లుప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని వచ్చారు. ట్యాంకు చుట్టూ తిప్పాలంటే అది గోడకు ఆనించి ఉంది. అందుకని ముందు నిలబడి గాలిలోనే గుండ్రంగా తిప్పారు. జిలేబి ఆ గుప్పిట మేత అనుకుని అదీ గుండ్రంగా తిరిగింది. తిప్పడం అయ్యాక దిష్టి తీసిన ఉప్పును నీళ్ళలో కలిపెయ్యాలి కదా, అది పద్ధతి. ఆవిడ ఎదురుగా ఉన్న నీళ్ళలోనే కలిపేశారు. నేను అడ్డం వెళ్ళేలోపు గుప్పిట ఖాళీ. ఎలాగూ ఉప్పునీళ్ళే కదయ్యా అన్నారు. మిరపకాయలు తీసుకెళ్ళి పొయ్యి మీద వేశారు. ఇంటిల్లిపాదీ దగ్గి దగ్గి బయటకు పరుగెత్తాం. లోపల దగ్గకుండా ఉన్నది జిలేబి ఒక్కటే.

ఆ గుప్పెడు ఉప్పుకు అంత నీళ్ళలో గీత కదిలింది కూడా లేదు. కదిలి ఉంటే బాగుండేది, నీళ్ళు మార్చే పనిలో పడి నేను దుకాణం భాయ్ దగ్గరికి వెళ్ళేవాణ్ణి కాదు. వెళ్ళాను. ఫోటోలు చూసి భాయ్ మొహం కిందకి దించాడు. దాని ఒంటికి పురుగు పట్టిందని, తన దగ్గర నీలం మందు ఉందని, అందులో రాగి ఉంటుందని, పురుగనేది మిగలదని చెప్పాడు. (అతను మోసగాడేం కాదు. చిన్న చేపలే వచ్చేవి, చిన్నగా ఉండగానే అమ్మేవాడు, తర్వాత వాటికి ఏమవుతుందో అతనెప్పుడూ చూసినవాడు కాదు. నా తెలివీ, అతని తెలివీ కలిపితే ఒక దీపం కూడా వెలగదు.) మందు తెచ్చి ట్యాంకులో పోశాను. ముందు, నాచు తినడానికి వేసిన నత్తలు అద్దం మీద నుంచి రాలాయి. రెండో రోజుకి జిలేబి అద్దం దగ్గరికి రావడం మానేసింది. మూడో రోజు రాయి వెనక మూలన ఒరిగి పడి ఉంది. మొప్పలు మాత్రం పరుగెత్తి వచ్చిన మనిషిలా కొట్టుకుంటున్నాయి. వేలు చూపిస్తే కన్ను తిప్పింది, కదల్లేదు.

అన్నం సయించలేదు. అక్క కంచం ముందు పెట్టి, తీసేసి, మళ్ళీ పెట్టింది. బావ జోకులు ఆపేశాడు. మా బావ జోకు వెయ్యలేదంటే ఇంట్లో శవం లేచినట్టే. గైడు మూత మీద నుంచి తీసి తనే అల్మరాలో పెట్టాడు, నేను చూడకుండా. నేను చూశాను.

ఆ మర్నాడు షాపులో నేను అంటించిన గార్డు కింద బుడగ వచ్చింది. ఒకటి కాదు, చెమటకాయల్లా బోలెడు. ఆ ఫోన్ హాస్టల్‌లో ఉండే ఒక రీసెర్చ్ స్కాలరక్కది. జువాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది, ఎప్పుడూ మా దగ్గరికే వస్తుంది. ఫోన్ తిప్పి చూసి, తిట్టకుండా నా మొహం చూసింది. ఏమైందని అడిగింది. చెప్పాను. చెప్తూ చెప్తూ కౌంటరు కింద ఏదో వెతుకుతున్నట్టు వంగాను. తను చదివేది గొర్రెల కడుపులో పురుగుల గురించనీ, చేపల గురించి పెద్దగా తెలియదనీ ముందే చెప్పి, అయినా ఫోటోలు చూపించమంది. నా ఫోన్ ఇచ్చాను. నెలల తరబడి తీసినవి, రోజుకొకటి, ఒకే చోట నుంచి. ఆవిడ మొదటి ఫోటో దగ్గరికి వెళ్ళి, అక్కడ నుంచి వేలితో గబగబా తోసుకుంటూ వచ్చింది. ఆగింది. మళ్ళీ మొదటికి వెళ్ళి ఇంకా గబగబా తోసింది. తర్వాత ఫోన్ నా వైపు తిప్పి నన్ను చూడమని, మళ్ళీ తోసింది.

అలా చూస్తే అది సినిమాలా కదిలింది. తెల్ల చుట్లు తెగుతున్నాయి, నిజమే. కానీ తెగినవి ఎక్కడికీ పోవడం లేదు. విప్పుకుని, సాగి, తల నుంచి తోక దాకా వరసగా పరుచుకుంటున్నాయి. వాటి మధ్య నేను కామెర్లు అనుకున్న పసుపు ఒక్కొక్క గీతగా సర్దుకుంటోంది. ఎవరో లోపల కూర్చుని పాత ముగ్గు తుడిచి కొత్త ముగ్గు వేస్తున్నట్టుంది. ఆవిడ తన ఫోన్లో ఏదో వెతికి ఒక పెద్ద చేప బొమ్మ చూపించింది. నీలం ఒంటి మీద పసుపు చారలు, కళ్ళకు గంతలు కట్టినట్టు నల్లపట్టీ, రాజులా ఉంది. చుట్లున్నది దీని పిల్లేనట.

"రోగం గాదు తమ్ముడూ, పెద్దగైతున్నదది. నువ్వు రోజూ పోయేదాన్నే చూసినవ్, వచ్చేదాన్ని చూడలే."

నేను నవ్వాలో ఏడవాలో తేల్చుకునేలోపు ఆవిడ నీలం మందు సంగతి అడిగింది. చెప్పాను. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. ఆరోగ్యంగా పెరుగుతున్న దానికి విషం పోశానని, ఆ నీళ్ళు కొంచెం కొంచెంగా మార్చకపోతే అది నిజంగానే పోతుందని, వెంటనే ఇంటికి వెళ్ళమని చెప్పింది. గార్డు బుడగలతోనే తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి చెప్తే బావ ఆ రోజు సెకండ్ షిఫ్టు మానేశాడు. లాలాగూడలో ఆయన సెలవు పెట్టడం అంటే ఇంట్లో పెళ్ళయినా కావాలి, ఇంకేదైనా అయినా కావాలి. ప్లాంటు నుంచి నీళ్ళ క్యాన్లు భుజాన వేసుకుని గల్లీలోంచి మోసుకొచ్చాడు. నేను ఒకటి తెచ్చేలోపు ఆయన రెండు తెచ్చాడు. ఓనరాంటీ జరిగింది విని నొచ్చుకుని, నీళ్ళు కలపడానికి తన పెళ్ళినాటి ఇత్తడి గంగాళం పైనుంచి దింపించారు. ఫోన్లో స్కాలరక్కకు చెబితే ఇత్తడీ రాగే కదా, చంపుతావా అని అరిచింది. గంగాళం మళ్ళీ పైకి వెళ్ళింది, దాని బరువుకి బావ నడుం పట్టుకుంది. చివరికి టెంట్‌హౌస్ వాళ్ళ ప్లాస్టిక్ డ్రమ్ములు దొరికాయి. మెట్ల మీద బావ ఆయాసపడుతుంటే ఉండబట్టలేక అడిగేశాను.

"బావా, ఇది సస్తే నువ్వే గెలుస్తవ్ గదా. గింత ఎందుకు మోస్తున్నవ్?"

"మూసుకొని పట్టు. పందెం పందెమే, పాణం పాణమే."

నీళ్ళు తిరిగి, ఉప్పు కుదిరి, పాతవి తీస్తూ కొత్తవి పోస్తూ రోజులు గడిచాయి. మందు పీల్చే బొగ్గు పెట్టాను. జిలేబి బతికే ఉంది, అంతే. తినదు. నాచు రేకు క్లిప్పుకు పెట్టి అద్దానికి తగిలిస్తే, అది రాయి వెనక నుంచి చూసేది, రేకు నానిపోయేది, తీసి ఇంకోటి పెట్టేవాణ్ణి. ఆశ వదిలేసి, అల్మరా తెరిచి గైడు ఎక్కడుందో కూడా చూసి పెట్టుకున్నాను. ఓడిపోతే మర్యాదగా ఓడిపోవాలి కదా.

ఒక సాయంత్రం నేను షాపు నుంచి వచ్చేసరికి అక్క ట్యాంకు ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. చెయ్యి మోచేతి దాకా నీళ్ళలో ఉంది, గాజులు పక్కన తీసి పెట్టింది. వేళ్ళ మధ్య నాచు రేకు. ఎంతసేపటి నుంచి అలా కూర్చుందో, చెయ్యి ముడతలు పడిపోయింది. చప్పుడు చెయ్యకుండా నిలబడ్డాను. జిలేబి రాయి పక్క నుంచి తల బయట పెట్టింది. ఆగింది. వచ్చింది. రేకు అంచు కొరికి, ఒక్క గుంజు గుంజి, చింపుకుని వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. అక్క చిన్నపిల్లలా తడిచేతులతో చప్పట్లు కొట్టింది, నీళ్ళు నా మొహాన పడ్డాయి. తిన్నది రా, తిన్నది రా అని నా భుజం పట్టుకుని ఊపింది. ఊపుతూ ఊపుతూ ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకు.

చెయ్యి చీర కొంగుకు తుడుచుకుని, గాజులు వేసుకుని, అల్మరాలోంచి గైడు తెచ్చింది. ట్యాంకు కింద మోటారు ఎప్పటినుంచో గుయ్యిమని చప్పుడు చేస్తోంది, దాని కిందకి ఏదైనా మెత్తగా పెట్టమని నేనే చాలాసార్లు అన్నాను. గైడును మోటారు కింద దూర్చింది. చప్పుడు ఆగిపోయింది. గిప్పుడు దీంతోని వేరే పనేమున్నది అని వంటింట్లోకి వెళ్ళింది. ఆ తర్వాత చదువు మాట ఎత్తలేదు. సాయంత్రం నడకలు మాత్రం కొనసాగాయి, బోర్డుల దగ్గర ఆగకుండా. ఆగకుండా నడిస్తే ఆ క్యాంపస్ ఇంత చిన్నదా అనిపించింది.

ఇప్పుడు జిలేబి పళ్ళెమంత అయింది. ఒళ్ళంతా పసుపు చారలు, ఒక్క చుట్టు కూడా మిగల్లేదు, కొత్తవాళ్ళకు పేరు ఎందుకలా పెట్టామో అర్థం కాదు. నేనూ షాపు మానేసి క్లినిక్కుల్లో, ఆఫీసుల్లో ట్యాంకులు పెట్టే పనిలో పడ్డాను. ఆ పంటి డాక్టరు గారి ట్యాంకు కూడా నేనే చూస్తాను. (ఆ పన్ను ఇంకా పీకించుకోలేదు.) ఒక్కోసారి పని మీద యూనివర్సిటీ గేటు ముందు నుంచి పోతుంటే, ఆ వారం జిలేబి చచ్చిపోయి ఉంటే నేనీపాటికి ఈ లోపల ఏదో ఒక బోర్డు కింద ఉండేవాణ్ణి కదా అనిపిస్తుంది. అనిపించగానే సిగ్గేసి బండి స్పీడు పెంచుతాను.

మొన్న మోటారు శుభ్రం చేస్తూ గైడును బయటికి లాగాను. ఉప్పు తేమకు ఉబ్బి అప్పడంలా ఉంది. మధ్యలో తెరుచుకున్న పేజీలో త్రికోణమితే ఉంది, ఇంకెక్కడ ఉంటుంది. స్తంభం నీడ ఇచ్చి ఎత్తు కనుక్కోమన్నారు. చేతిలో పని వదిలేసి, నేల మీదే కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి, పాత బిల్లు వెనక లెక్క చేశాను. నా స్తంభం మోకాలంత వచ్చింది. తల ఎత్తితే అద్దం అవతల నుంచి జిలేబి నన్నే చూస్తోంది. ఏ పరీక్షా రాయకుండానే చారలు తెచ్చుకున్నది, దానికి నా కష్టం ఏం తెలుస్తుంది.

వంటింట్లోంచి అక్క ఏం చేస్తున్నవ్ రా అని అడిగింది. మోటారు తుడుస్తున్న అన్నాను. పుస్తకాన్ని మళ్ళీ మోటారు కిందకే తోశాను. తోసే ముందు మాత్రం ఆ పేజీ మూల చిన్నగా మడిచాను.